బాండ్ రాయించుకుంటే యువ డాక్టరు నిలుస్తారా?

ప్రశ్న: హన్మకొండలో పదేళ్లుగా సొంతంగా పశువైద్యశాల నడుపుతున్నాను. ఉదయం పూట కుక్కలు, పిల్లులు చూస్తాను. మధ్యాహ్నం తర్వాత పరకాల, వర్ధన్నపేట వైపు పాడి బర్రెలు, గొర్ల మందలు చూడడానికి వెళ్తాను. గత నాలుగేళ్లలో ముగ్గురు యువ డాక్టర్లను పనిలో పెట్టుకున్నాను. ఒకరికి ప్రభుత్వోద్యోగం వచ్చింది, ఒకరు హైదరాబాద్‌లోని పెద్ద పెట్ క్లినిక్‌లో చేరారు, మూడో వారు ఎనిమిది నెలలకే కారణం చెప్పకుండా మానేశారు. జీతం పెంచి చూసినా ఎవరూ ఆగలేదు. ఆపరేషన్లు నేనే చేసుకుంటాను, వాళ్లకు టీకాలు, డ్రెస్సింగులు, రాత్రి ఫోన్లు మాత్రమే అప్పగిస్తాను కనుక పనిభారం ఎక్కువైందని కూడా అనుకోలేను. నా దగ్గర పన్నెండేళ్ల అనుభవమున్న కాంపౌండర్ కూడా ఉన్నాడు, రైతులు అతన్నే అడుగుతుంటారు. వచ్చే నెల మామునూరు కళాశాలలో ఇంటర్న్‌షిప్ ముగించిన ములుగు అమ్మాయి ఒకరు చేరతానంటున్నారు. ఈసారి రెండేళ్ల బాండ్ రాయించుకుని, మధ్యలో మానేస్తే మూడు లక్షలు కట్టాలనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు నా దగ్గర ఉంచాలనీ షరతు పెట్టాలనుకుంటున్నాను. ఇది సరైనదేనా? పని నేర్పించి పంపించడమేనా నా వంతు?

జవాబు: డాక్టర్ గారూ, ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే వైద్యశాలలో ఒక డాక్టరు మానేస్తే మిగిలిన డాక్టరుకు రాత్రి నిద్ర, ఊళ్లకు వెళ్లే తీరిక, ఇంటివాళ్లతో గడిపే సమయం అన్నీ ఒకేసారి పోతాయి. ఆ ఇబ్బంది మూడుసార్లు పడ్డ తర్వాత మీకు బాండ్ ఆలోచన రావడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఆ షరతులు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. మీరు ఊళ్లో లేని రోజున వైద్యశాలను నడిపించగల డాక్టరు మీకు కావాలని మీ ఉత్తరంలోని ప్రతి వాక్యమూ చెబుతోంది. అలాంటి డాక్టరు తయారయ్యే పని మీరు ఎవరికీ ఇవ్వడం లేదని మాత్రం ఒకే ఒక్క వాక్యం బయటపెడుతోంది: ఆపరేషన్లు నేనే చేసుకుంటాను.

ముందుగా చట్టం సంగతి చూద్దాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ అమ్మాయివి. వాటిని తన దగ్గర ఉంచుకునే హక్కు యజమానికి ఏ చట్టమూ ఇవ్వలేదు. పీజీ కౌన్సెలింగుకైనా, ప్రభుత్వోద్యోగ ధ్రువపత్రాల పరిశీలనకైనా అవి ఎప్పుడు కావలసివస్తాయో చెప్పలేము. కాబట్టి వాటిని మీ బీరువాలో పెట్టుకోవడమంటే ఆమె భవిష్యత్తును అడ్డుకునే అధికారం మీ చేతిలో ఉంచుకోవడమే. మీరు చూడవలసింది అంతకంటే ముఖ్యమైన కాగితం, రాష్ట్ర పశువైద్య మండలిలో ఆమె పేరు నమోదైనట్లు తెలిపే పత్రం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం నమోదైన వారు మాత్రమే పశువైద్యం చేయాలి. ఇంటర్న్‌షిప్ ముగిసిన వెంటనే అందరి నమోదూ పూర్తికాదు కనుక, ఆ నమోదు సంఖ్య చేతికి వచ్చాకే ఆమె పేరుతో మందుల చీటీలు రాయనివ్వండి. నకళ్లు తీసుకుని ఒరిజినళ్లు అదే రోజు తిరిగి ఇచ్చేయండి.

బాండ్ సంగతి కొంత వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. ఉద్యోగం మానేశాక రెండేళ్ల పాటు హన్మకొండలో ప్రాక్టీసు పెట్టరాదని రాయించుకున్నా అది నిలవదు. అయితే ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టే కనీస సేవా షరతు వేరని 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో చెప్పింది. మూడేళ్లలోపు మానేసినందుకు ఒక అధికారి కట్టవలసివచ్చిన రెండు లక్షల రూపాయలను సమర్థించింది. ప్రభుత్వరంగ బ్యాంకు ఒక అధికారిని తీసుకోవాలంటే బహిరంగ ప్రకటన, పోటీ ఎంపిక తప్పవు కనుక మధ్యలో మానేస్తే దానికి నిజమైన నష్టం ఉంటుందని అందుకు కారణం చూపింది. మీ నియామకానికి ఒక ఫోను, ఒక పూట మాట్లాడడం తప్ప వేరే ఖర్చు కాలేదు. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా దక్కేది సమంజసమైన పరిహారమే. మీ ఖర్చుతో ఆమెను అల్ట్రాసౌండ్ శిక్షణకు పంపితే ఆ రుసుము మేరకు, ఏడాది లోపు మానేస్తే తగ్గుతూ పోయే లెక్కన తిరిగి ఇవ్వాలని రాసుకోండి. అది న్యాయం, ఆమె కూడా కాదనదు. నేర్పించకుండానే మూడు లక్షలు అడిగే కాగితం మీద సంతకం పెట్టే మనిషి చేరిన రోజు నుంచే బయటపడే దారి వెతుక్కుంటుంది. అలాంటి మనిషి చేతుల్లో మీ రోగులను పెట్టకూడదు.

అసలు విషయానికి వద్దాం. పశువైద్య పట్టా ఐదున్నరేళ్ల చదువు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదిలో విద్యార్థులు చాలా చూస్తారు, కానీ సొంత నిర్ణయంతో చేసేది తక్కువ. ఎందుకంటే కళాశాల ఆసుపత్రిలో కేసు బాధ్యత అధ్యాపకులది. బయటికి వచ్చిన కొత్త డాక్టరుకు వ్యాధుల పేర్లు, మందుల మోతాదులు మీకంటే బాగా గుర్తుంటాయి. లేనిది చేతికి ధైర్యం, యజమాని కళ్లలోకి చూసి చెడు వార్త చెప్పే నేర్పు, ఈ కేసు నా వల్ల కాదని ఎప్పుడు చెప్పాలో తెలిసే వివేకం. మొదటి రెండేళ్లలో ఆ మూడూ రాకపోతే ఎంత జీతం ఇచ్చినా తాము వెనకబడుతున్నామని వాళ్లకు తెలిసిపోతుంది. తోటివారు ఫోన్లలో తాము చేసిన సిజేరియన్ గురించి, గర్భసంచి చీము కేసు గురించి మాట్లాడుకుంటుంటే ఎనిమిది నెలల తర్వాత కూడా టీకాలే వేస్తున్న మనిషి ఏం చెప్పుకుంటారు? మూడో డాక్టరు కారణం చెప్పలేదని రాశారు. ఆ కారణం వేరే ఏదైనా కావచ్చు. అయినా రాత్రి ఫోన్లన్నీ తమవి, పగటి ఆపరేషన్లన్నీ మీవి అనే పంపకం ఏ యువ డాక్టరునైనా కుంగదీస్తుంది. రాత్రి ఫోను పనిభారం కాదని మీరు అనుకోవడం కూడా సరికాదు. ఏం వస్తుందో తెలియని, పక్కన అడగడానికి ఎవరూ లేని పని అది.

కాబట్టి జీతం సంఖ్య రాసే ముందు మరో కాగితం రాయండి. ఆమె చేరిన మొదటి నెలలో ఏం చూస్తుంది, మూడో నెలకు ఏం చేస్తుంది, ఏడాది చివరికి మీరు లేకుండా ఏం చేయగలదు అన్నది తేదీలతో సహా అందులో ఉండాలి. నా సూచన ఇలా ఉంటుంది. మొదటి వారాల్లో మీ ప్రతి కేసుకూ ఆమె పక్కన ఉండాలి, జబ్బు చరిత్ర అడగడం ఆమె పని, నిర్ణయం మీది. నెల తిరిగేసరికి మత్తు ఇవ్వడం, ఆపరేషన్ సాగినంతసేపూ దాన్ని గమనించడం ఆమెకు అప్పగించండి. మత్తు మీద పట్టు లేని డాక్టరు చేతికి కత్తి ఇవ్వడం జంతువుకు ప్రమాదం. తర్వాత మగ కుక్కల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, ఆ తర్వాత ఆడ కుక్కలవి, మీరు చేతులు కడుక్కుని ఎదురుగా నిలబడి ఉండగా ఆమె చేయాలి. ఆమె చేతిలో మీకంటే రెట్టింపు సమయం పడుతుంది, ఆ సమయాన్ని నష్టంగా లెక్కపెట్టకండి. ఆరో నెల దాటాక సాధారణ కేసులు ఆమె ఒంటరిగా చేయాలి, మీరు పక్క గదిలో ఉంటే చాలు. వారానికి ఒక గంట, ఫోన్లు మోగని వేళ చూసుకుని, ఆ వారం చెడిన కేసు గురించి ఇద్దరూ మాట్లాడుకోవాలి. పార్వో వైరస్ జబ్బుతో చనిపోయిన కుక్కపిల్ల గురించి నిందలు లేకుండా మాట్లాడే యజమాని దగ్గర యువ డాక్టర్లు నిలుస్తారని నా నమ్మకం.

మీ దగ్గర హైదరాబాద్ పెట్ క్లినిక్‌లలో దొరకనిది ఒకటి ఉంది, దాని విలువ మీరు గుర్తించినట్లు లేదు. అక్కడ ఖరీదైన యంత్రాలు, ఎక్కువ జీతం, పెద్ద పేరు ఉంటాయి. కానీ ఉదయం లాబ్రడార్‌ను, సాయంత్రం ఈనలేక అవస్థపడుతున్న బర్రెను చూసే అవకాశం ఉండదు. బర్రెల్లో గర్భసంచి మెలిక పడడం మన వైపు తరచుగా కనిపించేదే. లోపలికి చెయ్యి పెట్టి మెలిక ఎటు తిరిగిందో గుర్తించడం, పొట్ట మీద చెక్క పలక వేసి బర్రెను సరైన వైపుకు దొర్లించడం పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. గొర్ల మందలో చిటుక రోగానికీ పారుడు రోగానికీ తేడా పట్టడం, వానాకాలంలో నీలినాలుక రోగం వచ్చినప్పుడు గొల్ల కురుమలతో మాట్లాడి మందను ఎక్కడ ఆపాలో ఒప్పించడం, పొదుగువాపు వచ్చిన బర్రె పాలు కేంద్రానికి పోయకూడదని చెప్పి ఆ నష్టాన్ని రైతు ఎలా తట్టుకోవాలో ఆలోచించడం, ఇవన్నీ ఒకే చోట నేర్చుకునే వీలు మీలాంటి వారి ప్రాక్టీసులోనే ఉంది. 2017లో రాష్ట్రం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టాక ఊళ్లలో మందలు పెరిగాయి, వాటితో పాటు డాక్టరు అవసరమూ పెరిగింది. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ఎంతో మేలు చేస్తున్నాయి. అయినా పది మందలు ఒకేసారి జబ్బుపడ్డ రోజున రైతు మీలాంటి వారికే ఫోను చేస్తాడు. భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు మహిళా డెయిరీ లాంటి సహకార సంఘాలు ఉన్న ప్రాంతం మనది. ఇక్కడ పాడి రైతులకు నెలవారీ మంద ఆరోగ్య పరిశీలన అలవాటు చేసే పని మీరు మొదలుపెట్టి దాన్ని ఆమెకు పూర్తిగా అప్పగిస్తే, అది ఆమె సొంత రంగమవుతుంది. తనదంటూ ఒక రంగం ఉన్న మనిషి వేయి రూపాయల తేడాకు లేచి వెళ్లరు.

ఇక ప్రభుత్వోద్యోగం. మొదటి డాక్టరు వెళ్లిపోవడాన్ని మీరు మీకు జరిగిన నష్టంగా రాశారు. ములుగు నుంచి వచ్చే ఈ అమ్మాయి కూడా ప్రభుత్వ పశువైద్య సహాయ శస్త్రచికిత్సకుల (వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్) పోస్టుకు పరీక్ష రాస్తుంది, రాయాలి కూడా. 2022 డిసెంబరులో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 185 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అటువంటి ప్రకటన ఏటా రాదు, వచ్చినప్పుడు వదులుకొమ్మని చెప్పే హక్కు మనకు లేదు. ఆ ఉద్యోగంలో చేరితే సహాయ సంచాలకులు, ఉప సంచాలకులు, సంయుక్త సంచాలకులు అనే మెట్లు, ఉద్యోగ భద్రత, ఇంట్లో అమ్మానాన్నల మనశ్శాంతి ఉంటాయి. ఆమె దాన్ని మీ దగ్గర దాచవలసిన పరిస్థితి మాత్రం రానివ్వకండి. చేరే రోజునే మీరే మాట తీయండి. ప్రకటన వస్తే పరీక్షకు ముందు రెండు నెలలు జీతం లేని సెలవు ఇస్తాననీ, తిరిగి వస్తే అదే స్థానం ఉంటుందనీ, ఎంపికైతే రెండు నెలల ముందుగా చెప్పి మీరు కొత్తవారిని చూసుకునే వరకు కేసుల వివరాలు అప్పగించాలనీ రాసుకోండి. గత పరీక్షలో జనరల్ స్టడీస్‌కు 150 మార్కులుంటే పశువైద్య శాస్త్రానికి 300 ఉన్నాయి. రోజూ కేసులు చూస్తూ సాయంత్రం చదువుకునే మనిషికి ఆ 300 మార్కుల పేపరు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదిలో ఖాళీగా కూర్చుని చదివే వారికంటే బాగా అర్థమవుతుందని ఆమెకు చెప్పండి. అది నిజం కూడా. మాస్టర్స్‌కు ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్ష రాస్తానన్నా, బ్యాంకులో వ్యవసాయ క్షేత్రాధికారిగానో ఆహార భద్రతాధికారిగానో వెళ్తానన్నా ఇదే పద్ధతి పాటించండి. వెళ్లిన వారు మీకు శత్రువులు కారు. పక్క మండలంలో ప్రభుత్వ డాక్టరుగా ఉన్న మీ పాత సహచరుడు క్లిష్టమైన కేసు వస్తే మీ దగ్గరికే పంపుతాడు. ఆయనతో ఇప్పుడు మాటలు లేకపోతే ఒకసారి ఫోను చేయండి.

జీతం గురించి ఎక్కువ చెప్పను, ఊరినిబట్టి రాబడినిబట్టి మీకే తెలుస్తుంది. రెండు మాటలు మాత్రం పాటించండి. జీతం బ్యాంకు ఖాతాలోనే వేసి ప్రతి నెలా జీతపు చీటీ ఇవ్వండి, ఇంటి రుణానికైనా తదుపరి ఉద్యోగానికైనా ఆమెకు అది ఆధారం. రాత్రి కేసులకు వేరుగా లెక్క కట్టండి. రాత్రి వచ్చిన రుసుములో ఒక వాటా ఆమెది కావాలి, రాత్రంతా మేల్కొన్న మరుసటి ఉదయం ఆమె ఆలస్యంగా రావాలి. వారంలో సగం రాత్రులు మీరు తీసుకోండి. ఊరి కేసుకు చీకట్లో వెళ్లవలసి వస్తే తెలిసిన డ్రైవరు, కాంపౌండర్ ఇద్దరూ వెంట ఉండాలి. ఒంటరిగా పంపరాదన్నది నియమంగా రాసిపెట్టండి. రెండేళ్లు దాటి ఉంటే లాభంలో భాగం, ఐదేళ్లకు భాగస్వామ్యం గురించి మాట్లాడదామన్న మాట ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఆశపెట్టకండి.

భద్రత విషయంలో మాత్రం మీ ఇష్టాయిష్టాలకు తావు లేదు. కొత్త డాక్టరు కుక్కను పట్టుకునే ముందే రేబీస్ ముందస్తు టీకాలు పూర్తి కావాలి, ఆ ఖర్చు మీది. గొంతులో ఏదో అడ్డుపడిందని చెప్పి తెచ్చిన, చొంగ కారుస్తున్న బర్రె నోట్లో చెయ్యి పెట్టడం మన వృత్తిలో పాత అలవాటు. అది రేబీస్ కావచ్చని మొదటి రోజే ఆమెకు చెప్పండి. ఈసుకుపోయిన (గర్భం పడిపోయిన) పశువును, మాయ పడని పశువును చేత్తో పరీక్షించేటప్పుడు భుజం దాకా వచ్చే గ్లవుజు లేకపోతే బ్రూసెల్లోసిస్ సోకే ప్రమాదం ఉంది. ఆ జ్వరంతో నెలల తరబడి బాధపడ్డ డాక్టర్లు మన మధ్య ఉన్నారు. ఎద కోసం వాడే ప్రోస్టాగ్లాండిన్ సూది మందు చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది, గర్భవతులూ ఉబ్బసం ఉన్నవారూ దాన్ని ముట్టుకోకూడదు. ఎక్స్‌రే గదిలో సీసపు ఆప్రాన్ ఉండాలి. ఇవన్నీ సిద్ధంగా ఉంచిన వైద్యశాలలో అడుగుపెట్టిన అమ్మాయికి తన ప్రాణానికి అక్కడ విలువ ఉందని మీరు చెప్పకుండానే తెలుస్తుంది.

ఆమెతో మొదటిసారి కూర్చున్నప్పుడు ఎన్నాళ్లుంటావని అడగకండి. పెళ్లి ఎప్పుడని అసలు అడగకండి. ఇంటర్న్‌షిప్‌లో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పమనండి, అందులో తనకు తెలియనిది ఏమిటో చెప్పమనండి. అది నిజాయితీగా చెప్పగలిగితే మిగతాది మీరు నేర్పవచ్చు. ఒక రోజు జీతం ఇచ్చి మీతో పాటు ఊళ్లకు తీసుకువెళ్లండి. రైతు ఇంటి ముందు ఆమె ఎలా నిలబడుతుందో మీకూ, మీరు రైతుతో ఎలా మాట్లాడతారో ఆమెకూ తెలుస్తుంది. ఈమె కుదరకపోతే మామునూరు, కోరుట్ల, రాజేంద్రనగర్ కళాశాలలు మూడూ ఉన్నాయి. ఆ కళాశాలల్లో చదివే వాళ్లు సెలవుల్లో కొన్ని రోజులు వచ్చి చూసి వెళ్లే అవకాశం ఇవ్వడానికి మీ వైద్యశాలకు వీలుంటుందేమో అధ్యాపకులను అడగండి. చేరకముందే మీ పని చూసిన మనిషి తెలిసే చేరతారు.

చివరగా, మీ కాంపౌండర్ గురించి. అతని పన్నెండేళ్ల అనుభవం మీకు పెద్ద ఆస్తి, అందులో సందేహం లేదు. అయితే మీరు లేనప్పుడు అతను సూదులు నిర్ణయించడం, రైతులు కొత్త డాక్టరును పక్కనపెట్టి అతన్నే అడగడం మీరు చూసీ చూడనట్లు ఊరుకున్నట్లు మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. 30వ సెక్షన్ ప్రకారం చిన్నపాటి సేవలకు మాత్రమే, అదీ రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ఉన్నవారికే, నమోదైన డాక్టరు పర్యవేక్షణలోనే వీలుంది. ఏదైనా జరిగితే చట్టం ముందు నిలబడవలసింది మీరు. ఆమె చేరక ముందే అతనితో ఒక సాయంత్రం కూర్చోండి. పన్నెండేళ్లలో అతని జీతం ఎంత పెరిగిందో, అతనికి ఏ కొత్త పని నేర్పారో మీరే ఒకసారి లెక్క చూసుకోండి. ప్రయోగశాల పరీక్షలు గానీ, ఆపరేషన్ గది బాధ్యత గానీ శిక్షణతో సహా అతనికి అప్పగించి జీతం పెంచండి. తర్వాత ఆమె చేరిన రోజున అతని ఎదుటే, ఇద్దరు ముగ్గురు పాత రైతులు కూర్చుని ఉన్నప్పుడే, ఇకపై నేను లేకపోతే నిర్ణయం డాక్టరమ్మదే అని మీ నోటితో చెప్పండి. ఆ మాట మీరు మొదటి రోజే చెప్పకపోతే ఆమె తన అంతట తానుగా ఏడాదైనా సంపాదించుకోలేదు.